రిజిస్టర్‌లో ‘అంతా ఓకే’ అని రాసే ముందు

(సెక్యూరిటీ గార్డుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం. ఆ పూట డ్యూటీలో ఉండి రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినపడుతోందా? సరే. నైట్ డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్లు ఎంతమంది ఉన్నారు, ఒకసారి చెయ్యెత్తండి. చాలామందే ఉన్నారు. కళ్లు మూతలు పడుతుంటాయి, నాకు తెలుసు. నేనూ ఆ కుర్చీలో కూర్చున్నవాణ్నే. అందుకే చుట్టూ తిప్పకుండా మొదలుపెడతాను.

నిన్న సాయంత్రం ఒక డ్యూటీ రిజిస్టర్ తెప్పించుకుని నెల రోజుల పేజీలు చదివాను. ఏ చోటిదో చెప్పను, ఎవరి చేతిరాతో చెప్పను. 30 రాత్రులు. ప్రతి రాత్రీ గంట గంటకూ రౌండు. ప్రతి రౌండుకూ ఒకటే మాట, ‘అంతా ఓకే’. దాని కింద డిట్టో, దాని కింద మళ్లీ డిట్టో. అక్షరాలన్నీ ఒకే వాలులో ఉన్నాయి, పెన్ను ఒత్తిడి కూడా మారలేదు. రౌండు తిరిగొచ్చి నిలబడి రాసిన చేతిరాత అలా ఉండదు. ఒకచోట కూర్చుని తెల్లారేదాకా జరగబోయేదంతా ముందే రాసేసిన చేతిరాత అది.

నేను కోపంతో అనడం లేదు, నిజంగానే అడుగుతున్నాను. 30 రాత్రుల్లో ఒక్క లైటు కూడా పోలేదా? ఒక్క తలుపు గడియ సరిగ్గా పడకపోవడం జరగలేదా? గోడ అవతల ఒక్క బండి కూడా కాసేపు ఆగి వెళ్లలేదా? జరిగే ఉంటాయి. మీరు చూసే ఉంటారు. చూసి, లైటు సంగతి ఎవరికో చెప్పి, గడియ మీరే సరిచేసి, బండి వెళ్లేదాకా అక్కడే నిలబడి ఉంటారు. పని అంతా చేశారు. కాగితం మీద మాత్రం అందులో ఒక్కటీ లేదు.

‘అంతా ఓకే’ అంటే ఏం చెప్పినట్టు? తాళం చేత్తో లాగి చూశారా, దూరం నుంచి టార్చి వేసి చూశారా? వెనక వైపు వెళ్లారా లేదా? ఏమీ తెలియదు. అదే ఇలా రాస్తే చూడండి. “రాత్రి 2:10. వెనక గేటు తాళం లాగి చూశాను, పడి ఉంది. జనరేటర్ గది బయట లైటు వెలగడం లేదు. 2:15కి కంట్రోల్ రూంకు చెప్పాను.” నాలుగు ముక్కలు. ఒక్క నిమిషం పని. ఈ నాలుగు ముక్కల్లో మీరు అక్కడికి వెళ్లారని ఉంది, చేత్తో తాకి చూశారని ఉంది, లోపం కనిపెట్టారని ఉంది, చెప్పాల్సినవాళ్లకు చెప్పారని ఉంది.

దీని గురించి నేను ఇంత పట్టుబట్టడానికి ఒక కారణం ఉంది. ఈ మాట చెప్పడం నాకు సులువు కాదు, అయినా ప్రతి బ్యాచ్‌కూ చెబుతాను.

నేను ఈ పనిలో చేరిన కొత్తలో ఒక గోడౌన్‌లో నైట్ డ్యూటీ చేసేవాణ్ని. ఒక రాత్రి మూడున్నర ప్రాంతంలో కరెంటు ప్యానల్ ఉన్న గది పక్కనుంచి వెళ్తుంటే వైరు కాలిన వాసన వచ్చింది. పొగ లేదు. తలుపు మీద చెయ్యి పెట్టి చూశాను, వేడిగా లేదు. కాసేపు నిలబడ్డాను. వాసన తగ్గింది. పొద్దున ఆరింటికి రిలీవర్ వచ్చాడు, నాకంటే పదేళ్లు పెద్దాయన. “అన్నా, ప్యానల్ గది దగ్గర రాత్రి ఏదో కాలిన వాసన వచ్చింది, కాస్త చూపించు” అన్నాను. “సరే తమ్ముడూ” అన్నాడు. రిజిస్టర్ తీసి ‘అంతా ఓకే’ అని రాసి సంతకం పెట్టి ఇంటికి వెళ్లిపోయాను.

మూడో రోజు మధ్యాహ్నం ఆ ప్యానల్‌లో మంటలు లేచాయి. అన్న డ్యూటీలో. ఎవరికీ ఏమీ కాలేదు, సరుకు మాత్రం చాలా పోయింది. విచారణలో ఆయన్ని అడిగారు, ముందుగా ఏమైనా తెలిసిందా అని. ఆయన నిజమే చెప్పాడు. “నైట్ గార్డు చెప్పాడు సార్, నేను అదే రోజు ఎలక్ట్రీషియన్‌కు చెప్పాను” అన్నాడు. ఎలక్ట్రీషియన్ ఏమన్నాడు? “నాకెవరూ చెప్పలేదు” అన్నాడు. రిజిస్టర్ తెరిచారు. ఏముంది అందులో? నా చేతిరాత. ‘అంతా ఓకే’. కింద నా సంతకం. నేను వెళ్లి “సార్, నేను ఆయనకు చెప్పిన మాట నిజం” అన్నాను. “మరి ఇక్కడ సంతకం పెట్టింది ఎవరు?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

అన్న ఉద్యోగం పోయింది. ఆయన ఒక్క మాట కూడా నన్ను అనలేదు. నిజం చెప్పిన మనిషికి వ్యతిరేకంగా నా సంతకమే సాక్ష్యం చెప్పింది. అది ఇప్పటికీ నాకు నొప్పే. ‘వైరు కాలిన వాసన, 3:30, ప్యానల్ గది, రిలీవర్‌కు చెప్పాను’ అని ఒక్క వాక్యం. అంతే. ఆ ఒక్క వాక్యం రాయలేదు నేను.

ఇప్పుడు దానికి పూర్తిగా ఎదురుగా నిలబడే ఒక గార్డు గురించి చెబుతాను. 1972, జూన్ 17. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో వాటర్‌గేట్ అనే భవనాలు. ఫ్రాంక్ విల్స్ అని 24 ఏళ్ల కుర్రాడు అక్కడ నైట్ డ్యూటీలో ఉన్నాడు. రౌండు తిరుగుతుంటే ఒక తలుపు గడియ పడకుండా దానిమీద టేపు అంటించి ఉంది. పనివాళ్లెవరో అంటించి మర్చిపోయారనుకుని తీసేశాడు. అంతటితో ఊరుకోవచ్చు. ఊరుకోలేదు, మళ్లీ వచ్చి చూశాడు. మళ్లీ టేపు ఉంది! అప్పుడు పోలీసులకు ఫోన్ చేశాడు. లోపల డెమోక్రటిక్ పార్టీ ఆఫీసులో ఐదుగురు దొరికారు. అక్కడ మొదలైన గొడవ 1974 ఆగస్టులో అధ్యక్షుడు నిక్సన్ రాజీనామా దాకా వెళ్లింది.

మీకు చెప్పాలనుకున్నది ఆ రాజకీయం గురించి కాదు. ఆ రాత్రి గార్డు రాసిన లాగ్ పేజీ ఉంది కదా, అది ఇవాళ అమెరికా జాతీయ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉంది. గార్డు రాసిన పేజీ! అందులో ఏముంది? టైము ఉంది, రాత్రి 1:47. తలుపులకు టేపు కనిపించిందని ఉంది. పోలీసులను పిలిచిన సంగతి ఉంది. అంతే. ‘దొంగలు పడ్డారు’ అని లేదు. ‘ఏదో కుట్ర జరుగుతోంది’ అని లేదు. ఆ కుర్రాడికి ఆ క్షణాన తెలిసింది టేపు ఒక్కటే, ఆ టేపు గురించే రాశాడు.

చూసింది, విన్నది, అనుకున్నది

మన తలలో మూడు రకాల సంగతులు కలిసిపోయి ఉంటాయి. కంటితో చూసింది ఒకటి. ఎవరో చెబితే విన్నది ఒకటి. మనం అనుకున్నది ఒకటి. మాట్లాడేటప్పుడు మూడూ కలిపేస్తాం. రాసేటప్పుడు మాత్రం విడదీయాలి. ఈ ఒక్క పని వస్తే రిపోర్టు రాయడం ముప్పాతిక వంతు వచ్చినట్టే.

“ఒక వ్యక్తి అనుమానాస్పదంగా తిరుగుతున్నాడు.” ఈ వాక్యం మీలో ఎంతమంది రాశారు? నేనూ రాశాను. ఇందులో మనం చూసింది ఏముంది చెప్పండి? ఏమీ లేదు. అనుమానం మనది, అతనిది కాదు. అతను ఏం చేస్తే మనకు అనుమానం వచ్చిందో అది రాయాలి. “పార్కింగ్‌లో మూడు కార్ల తలుపులు లాగి చూశాడు.” అది రాయండి. చదివేవాడికి అనుమానం దానంతట అదే వస్తుంది.

“తాగి ఉన్నాడు.” తాగడం మీరు చూశారా? లేదు. ఏం చూశారు? నోటి నుంచి మద్యం వాసన వచ్చింది, మాట ముద్దగా ఉంది, రెండుసార్లు గోడ పట్టుకున్నాడు. అదే రాయండి. కొన్ని జబ్బుల్లో కూడా మనిషి తూలతాడు, మాట ముద్దవుతుంది. షుగర్ పడిపోయినవాణ్ని తాగుబోతని రాసేస్తే, ఆ కాగితం చదివినవాళ్లు అతనికి వైద్యం చేయించడం బదులు బయటికి గెంటుతారు. ఒక్క తప్పు మాట మనిషి ప్రాణం మీదికి తేవచ్చు.

“దురుసుగా మాట్లాడాడు.” ఏమన్నాడు? అన్న మాట అన్నట్టే రాయండి, బూతయినా సరే. కొటేషన్ గుర్తులు పెట్టండి. సిగ్గుపడి ‘అసభ్య పదజాలం’ అని రాస్తే రేపు అతను “నేను గట్టిగా మాట్లాడానంతే” అంటాడు.

అనుకున్నది అసలు రాయకూడదా అని అడుగుతారు. ఒక్కోసారి అవసరం పడుతుంది. అప్పుడు ‘నాకు అనిపించింది’ అని రాసి, ఎందుకనిపించిందో దాని పక్కనే రాయండి. దాన్ని చూసిన సంగతిలా మాత్రం రాయొద్దు.

మనిషిని వర్ణించాల్సి వస్తే తల నుంచి పాదాల దాకా వరసగా రండి. జుట్టు, ముఖం, చొక్కా, ప్యాంటు, చెప్పులు. ఎత్తు అంకెల్లో చెప్పలేకపోతే ఫర్వాలేదు, ‘గేటు గడియకు తల తగిలే ఎత్తు’ అనండి, ఆ గడియ ఎత్తు తర్వాత కొలుస్తారు. బట్టలు మార్చుకోవచ్చు, నడక మార్చుకోలేడు. కుంటుతున్నాడా, ఏ చేత్తో బ్యాగు పట్టుకున్నాడు, ఏ వైపు వెళ్లాడు, ఇవి చూడండి. బండి అయితే ముందు నంబరు. పూర్తిగా దొరక్కపోతే దొరికినంత.

ఇక ఇది జాగ్రత్తగా వినండి. ఏదైనా జరగ్గానే మనం ఏం చేస్తాం? నలుగురం ఒకచోట చేరి మాట్లాడుకుంటాం. “ఎర్ర చొక్కా కదూ?” “అవునవును ఎర్రదే.” తర్వాత నలుగురూ ఎర్ర చొక్కా అని రాస్తారు. అందులో ఇద్దరు చొక్కా చూసే ఉండరు. అబద్ధం చెబుతున్నారా? కాదు. వాళ్లకు నిజంగానే ఎర్ర చొక్కా గుర్తుంటుంది.

ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే ఇద్దరు పరిశోధకులు 1974లో దీన్ని పరీక్షించి చూశారు. విద్యార్థులకు కార్లు ఢీకొన్న ఫిల్ములు చూపించి, కార్లు ఎంత వేగంతో వెళ్తున్నాయని అడిగారు. ప్రశ్నలో ఒక్క మాట మార్చారు. కొందరిని కార్లు ‘తగిలినప్పుడు’ అని అడిగితే సగటున గంటకు 34 మైళ్లన్నారు. కొందరిని ‘నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు’ అనే అర్థం వచ్చే మాటతో అడిగితే దాదాపు 41 మైళ్లన్నారు. చూసిన ఫిల్ములు మాత్రం అవే. ఇంకో బృందంతో కూడా ఇలాగే చేసి, వారం తర్వాత పిలిచి, పగిలిన గాజు ముక్కలు చూశారా అని అడిగారు. ఆ ఫిల్ములో గాజు పగలనేలేదు. మెత్తని మాటతో అడిగిన 50 మందిలో 7గురు చూశామన్నారు. గట్టి మాటతో అడిగిన 50 మందిలో 16 మంది చూశామన్నారు.

అర్థమైందా? మనం అడిగే మాటే ఎదుటివాడి జ్ఞాపకాన్ని మార్చేస్తుంది. అందుకే సాక్షిని “ఎర్ర చొక్కానా?” అని అడగొద్దు. “ఏం చూశావమ్మా, చెప్పు” అని అడిగి ఊరుకోండి. మధ్యలో అందించొద్దు. మీరు కూడా ముందు మీది మీరు రాసుకుని, ఆ తర్వాతే పక్కవాళ్లతో మాట్లాడండి. మీ రాతకూ పక్కవాడి రాతకూ తేడా వస్తే భయపడకండి. ఇద్దరు మనుషులు రెండు చోట్ల నిలబడి చూస్తే తేడా రావాలి. అక్షరం పొల్లుపోకుండా కలిసిన రెండు స్టేట్‌మెంట్లు చూస్తేనే విచారణ చేసేవాళ్లు కళ్లు చిట్లిస్తారు.

టైము

టైము ఎందుకు రాయాలో చెప్పడానికి ఒక గార్డు బతుకు చాలు. 1996, జులై 27. అట్లాంటాలో ఒలింపిక్స్ జరుగుతున్నాయి. పార్కులో రిచర్డ్ జ్యువెల్ అనే గార్డు ఎవరో వదిలేసిన బ్యాగు చూసి పోలీసులకు చెప్పాడు, జనాన్ని దూరంగా పంపడానికి సాయపడ్డాడు. బాంబు పేలింది. ఆయన వల్ల ఎందరో బతికారు. కొద్ది రోజుల్లోనే అనుమానం ఆయన మీదికే మళ్లింది. బాంబు పెట్టింది ఆయనే కావచ్చని ప్రపంచమంతా చెప్పుకుంది. అక్టోబరులో గానీ ఆయన మీద అనుమానం లేదని ప్రభుత్వం రాసివ్వలేదు. అసలు దోషి ఎరిక్ రుడాల్ఫ్ 2005లో నేరం ఒప్పుకున్నాడు.

మొదట చూసినవాణ్నే మొదట అడుగుతారు. మన ఉద్యోగమే మొదట చూడటం. నువ్వు ఎప్పుడు చూశావు, అప్పుడు ఎక్కడున్నావు, ఎవరికి చెప్పావు, చెప్పడానికి ఎంతసేపు పట్టింది, ఇవే అడుగుతారు. అందుకని చూసిన టైము, చెప్పిన టైము, సాయం వచ్చిన టైము వేరు వేరుగా రాయండి. 24 గంటల లెక్కలో రాసే అలవాటుంటే పొద్దునా సాయంత్రమా అన్న గొడవే ఉండదు. ‘సుమారు’ అయితే సుమారు అనే రాయండి, దాన్ని కచ్చితమైన టైములా చూపించొద్దు.

గడియారాల సంగతి కూడా చెప్పాలి. మీ చేతి గడియారం ఒక టైము చూపిస్తుంది, సీసీటీవీ రికార్డర్ ఇంకోటి చూపిస్తుంది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు తేడా ఉన్నవి నేను చూశాను. డ్యూటీ ఎక్కగానే రెండూ పక్కపక్కన పెట్టి చూసి, తేడా ఎంతుందో రిజిస్టర్ పైన రాయండి. లేకపోతే మీరు 2:10 అంటారు, కెమెరా 2:19 అంటుంది, ఇద్దరిలో మీరే అబద్ధాలకోరు అవుతారు. ఇంకోటి, ఫుటేజ్ ఎల్లకాలం ఉండదు. డిస్కు నిండగానే పాతదాని మీద కొత్తది పడిపోతుంది. ఏదైనా జరిగిన రోజే, ఫలానా కెమెరా, ఫలానా టైము నుంచి ఫలానా టైము దాకా దాచిపెట్టండి అని రాతపూర్వకంగా అడగండి. అడిగినట్టు రిజిస్టర్‌లో రాయండి.

అంటే జరుగుతుండగానే పెన్ను పట్టుకోమని అనడం లేదు. మంట లేస్తే ముందు మనుషులు. ముందు మనుషుల్ని కాపాడాలి, తర్వాత వాకీటాకీలో చెప్పాలి, తర్వాత ఆ చోటు చెదరకుండా చూడాలి, అప్పుడు రాయాలి. వాకీటాకీలో “సార్ సార్, తొందరగా రండి” అంటే ఎక్కడికి రావాలి? మీరెవరు, ఎక్కడున్నారు, ఏం జరిగింది, ఏం సాయం కావాలి, ఆ వరసలో చెప్పండి. అవతలివాళ్లను తిరిగి చెప్పమనండి. టెన్షన్‌లో అంతస్తు నంబరు తప్పు వినడం చాలా మామూలు. రాసే తీరిక లేకపోతే టైము ఒక్కటి అరచేతి మీదైనా రాసుకోండి, అది చాలు, మిగతాది దాని చుట్టూ గుర్తొస్తుంది. కానీ డ్యూటీ దిగేలోపు రాయడం పూర్తి కావాలి. ఇంటికెళ్లి నిద్రపోయి లేచి రాస్తానంటే, నిద్రలేచిన మనిషికి సగమే మిగులుతుంది.

ఇప్పుడు ఒక రిపోర్టు చదువుతాను. పాతది, నిజంగా రాసిందే. “ఒక పెద్దావిడ అజాగ్రత్తగా నడిచి మెట్ల మీద పడిపోయింది. చిన్న దెబ్బ. పంపించేశాం.” ఇందులో ఏం తక్కువైందో చెప్పండి? ఆ, టైము లేదు. ఇంకా? ఏ మెట్లో లేదు. పేరు లేదు. బాగుంది. ఇంకో పెద్ద తప్పుంది. ‘అజాగ్రత్తగా’. ఈ గార్డు ఆమె పడటం చూశాడా? చూడలేదు, నేను అడిగాను. ‘చిన్న దెబ్బ’ అట. ఈయన డాక్టరా? పైకి గీరుకున్నట్టుండి లోపల ఎముక విరిగి ఉండొచ్చు.

అదే సంఘటనను ఇలా రాశామనుకోండి. “మధ్యాహ్నం 3:20. నేను రిసెప్షన్ పోస్టులో ఉన్నాను. తూర్పు మెట్ల వైపు నుంచి కేక వినపడింది. 3:21కి అక్కడికి చేరాను. పడటం నేను చూడలేదు. సుమారు 60 ఏళ్ల స్త్రీ కింది నుంచి మూడో మెట్టు మీద కుడి మోకాలు పట్టుకుని కూర్చుని ఉన్నారు. మోకాలి మీద రక్తం కనపడింది. ‘కాలు జారింది, మెట్టు తడిగా ఉంది’ అని చెప్పారు. నేను చూసినప్పుడు మూడో మెట్టు, నాలుగో మెట్టు తడిగా ఉన్నాయి. హెచ్చరిక బోర్డు కనపడలేదు. లైటు వెలుగుతోంది. 3:23కి సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాను. 3:26కి ఫస్ట్ ఎయిడ్ నేర్చుకున్న గార్డు వచ్చి గాయం కడిగి కట్టు కట్టాడు. ఆంబులెన్స్ పిలవమంటారా అని అడిగాను, వద్దన్నారు. 3:50కి వాళ్లబ్బాయి వచ్చి కారులో తీసుకెళ్లారు.” దీని కింద ఆమె పేరు, ఫోన్ నంబరు, పక్కనే ఉన్నానని చెప్పినవాళ్ల పేరు.

ఇది చదివితే మెట్ల దగ్గర మీరు నిలబడ్డట్టు లేదూ? ‘పడటం నేను చూడలేదు’ అన్న వాక్యం చూడండి. అది రాయడానికి చాలామంది జంకుతారు, డ్యూటీ సరిగ్గా చేయలేదంటారేమోనని. నిజానికి మిగతా రిపోర్టంతా నమ్మేలా చేసేది ఆ వాక్యమే. ఇంకో సంగతి, తప్పు ఎవరిదో ఈ రిపోర్టులో లేదు. ఆమె తప్పు అని లేదు, శుభ్రం చేసినవాళ్ల తప్పు అనీ లేదు. అది తేల్చే పని మనది కాదు. తేల్చేవాళ్లకు కావలసింది ఇవ్వడం మన పని.

మీరు చేసింది కూడా ఇలాగే రాయాలి. ఎవరినైనా చెయ్యి పట్టుకుని ఆపారా? ‘ఎడమ చెయ్యి మోచేతి దగ్గర పట్టుకుని ఆపాను’ అని రాయండి. దాచిపెట్టి, తర్వాత కెమెరాలో బయటపడితే, నిజంగా మీ తప్పు లేకపోయినా ఇక ఎవరూ నమ్మరు.

రిజిస్టర్ సంగతులు కొన్ని గబగబా చెప్పేస్తాను, మీకు తెలిసినవే. పేజీ చింపొద్దు, పేజీ నంబర్లు ముందే వేసి ఉండాలి. తప్పు రాస్తే ఒకే గీత కొట్టండి, కింద రాసింది కనపడాలి, పక్కన పొట్టి సంతకం, టైము. వైట్నర్ వద్దు. మధ్యలో ఖాళీ వరసలు వదలొద్దు, వదిలితే గీత కొట్టేయండి. మర్చిపోయింది తర్వాత గుర్తొస్తే పాత ఎంట్రీల మధ్య ఇరికించొద్దు, ‘ఆలస్యంగా రాస్తున్నది’ అని, ఇప్పటి టైము వేసి కింద రాయండి. ఫోటో తీస్తే సూపర్‌వైజర్‌కు ఇవ్వండి. వాట్సాప్ గ్రూపులో పడేయొద్దు. దెబ్బ తగిలిన మనిషి ఫోటో పది ఫోన్లలో తిరగడం, మన ఇంట్లోవాళ్లకు జరిగితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

మీరు అడిగినవి

ముందు వరసలో ఉన్న తమ్ముడు పొద్దున తరగతి మొదలు కాకముందే నన్ను అడిగాడు. “సార్, రాస్తే మన మీదికే వస్తుంది కదా? రాయొద్దని పైవాళ్లే అంటారు కదా?” అని. చాలా నిజాయితీగా అడిగాడు. నేను కూడా అలాగే చెబుతాను. అవును, కొన్నిచోట్ల అంటారు. “ఇది రాయకు, పెద్ద గొడవవుతుంది” అంటారు. ఉద్యోగం వాళ్ల చేతిలో ఉంటుంది, ఎదురు చెప్పడం తేలిక కాదు. మీరు పోట్లాడమని నేను చెప్పను. మర్యాదగా, “సార్, నేను చూసింది రెండు ముక్కలు రాస్తాను, మీ మాట కూడా కింద రాయండి, సంతకం పెట్టండి” అనండి. చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఇప్పటికే రాసింది మార్చమంటే, పాతది కొట్టేయకుండా కొత్త టైముతో కొత్త ఎంట్రీ వేయండి, ఎవరు చెబితే వేశారో అందులో రాయండి. రాసినందుకు ఇబ్బంది పడ్డవాళ్లను చూశాను, లేదనను. రాయనందుకు బతుకు పోగొట్టుకున్న మనిషిని కూడా చూశాను, ఆయన గురించి మీకు చెప్పాను.

ఇంకోటి. రాయడం సరిగ్గా రాదని కొందరు సిగ్గుపడుతున్నారు. సిగ్గు ఎందుకు? మీకు వచ్చిన భాషలో రాయండి. ఒత్తులు తప్పులుంటే ఉండనివ్వండి, మంచి అక్షరాలకు మార్కులు వేసేవాళ్లు ఎవరూ లేరు. అసలు రాయడం రాకపోతే తోటివాళ్లకు చెప్పి రాయించండి. రాసేవాళ్లు సొంత మాటలు కలపకూడదు. అంతా చదివి వినిపించాలి. కింద ‘ఫలానావారు చెప్పగా నేను రాశాను, చదివి వినిపించాను’ అని ఇద్దరూ సంతకం పెట్టాలి, వేలిముద్ర అయినా సరే. నాతో పనిచేసిన ఒకాయనకు అక్షరం ముక్క రాదు, బండి నంబర్లు మాత్రం రాత్రంతా గుర్తుపెట్టుకునేవాడు. ఆయన చెప్పింది రాసిన పేజీలు నేను చూసినవాటిలో అన్నిటికంటే మంచి పేజీలు.

చివర్న అమ్మ చెయ్యెత్తారు. చెప్పండమ్మా. మైకు అక్కర్లేదు, నేను తిరిగి చెబుతాను. ఎవరైనా ఆడమనిషి వచ్చి, లోపల ఒకరు తనతో తప్పుగా ప్రవర్తించారని చెబితే ఎలా రాయాలి, అంటున్నారు.

మంచి ప్రశ్న. ముందు ఆమెను నలుగురిలో నిలబెట్టి మాట్లాడించొద్దు. పక్కకు, నీడపట్టుకు తీసుకెళ్లండి. ఆమె ఒప్పుకుంటే ఒక ఆడ గార్డు తోడుండాలి. గేటు దగ్గర బల్ల మీద అందరూ తిరగేసే రిజిస్టర్ ఉంటుంది కదా, అందులో ఆమె పేరు రాయొద్దు. ‘ఒక ఫిర్యాదు వచ్చింది, విడిగా రిపోర్టు ఇచ్చాను, సూపర్‌వైజర్‌కు ఇన్నింటికి అందజేశాను’ అని మాత్రమే అక్కడ రాయండి. అసలు రిపోర్టు విడి కాగితం మీద. నువ్వెందుకు అక్కడికి వెళ్లావు, ఎందుకు అరవలేదు, ఈ ప్రశ్నలు మన నోట రాకూడదు. ఆమె చెప్పినంతే, ఆమె మాటల్లోనే. ఏడుస్తుంటే ఏడుస్తూ చెప్పారని రాయండి, మనం చూశాం కాబట్టి. పోలీసుల దగ్గరికి వెళ్లాలా వద్దా అన్నది ఆమెను నిర్ణయించుకోనివ్వండి. వెళ్తానంటే ఆపొద్దు, సాయం చేయండి. రాయడం అయ్యాక కాగితం ఆమె చేతికివ్వండి, చదవలేకపోతే నెమ్మదిగా చదివి వినిపించండి. “నువ్వు చెప్పింది ఇదేనా తల్లీ, ఏమైనా మార్చాలా?” అని అడగండి. మార్చమంటే మార్చండి.

ఇంకా ఎవరైనా అడగాలా? రెండింటికి డ్యూటీ ఉన్నవాళ్లు ముందు బయల్దేరండి. మిగతావాళ్లు ఉండండి, మీ రిజిస్టర్లు పట్టుకొచ్చినవాళ్లు ఇటు రండి, ఒక్కొక్కటి కలిసి చూద్దాం.